గోరంత బిళ్ల మీద ఏనుగు

కోటిలింగాల పేరెత్తగానే చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు మొదట అడిగేది రాజుల సంగతి. శ్రీముఖుడు ఇక్కడివాడేనా, గోభద్రుడు శాతవాహనులకు ముందా, ఆ వంశం పుట్టింది తెలంగాణలోనా మహారాష్ట్రలోనా అని. నాలుగైదు దశాబ్దాలుగా ఈ వాదన తెగడం లేదు. దానికి ఆధారం నాణేలే కాబట్టి వాటి మీది అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివారు. ఆ అక్షరాల పక్కనే నిలబడ్డ జంతువును మాత్రం ‘ఏనుగు, కుడివైపు ముఖం, తొండం పైకి’ అని జాబితాలో ఒక ముక్క రాసి వదిలేశారు. నాణేల పట్టికకు అంతే చాలు, పండితుల తప్పేమీ లేదు. కానీ ఆ ఏనుగును చెక్కిన చెయ్యి గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి కోరుట్ల, జగిత్యాల దాటి ధర్మపురి మీదుగా రాయపట్నం దగ్గర గోదావరిని చేరుతుంది. అక్కడ వంతెన ఎక్కకుండా వెల్గటూరు దిక్కు మళ్లితే పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల. ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ ఊరు జగిత్యాల జిల్లా కిందికి వచ్చింది. అంతకు ముందు ఇదంతా కరీంనగరే. తవ్వకాల కంటే ముందే ఇక్కడి నేల మీద పాత నాణేలు దొరికేవి. ఠాకూర్ రాజారాంసింగ్, ధర్మపురికి చెందిన సంగనభట్ల నరసయ్య వంటివారు వాటి విలువ గుర్తించి సేకరించారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించి వెలుగులోకి తెచ్చారు. 1970ల చివర, 1980ల తొలినాళ్లలో వి.వి. కృష్ణశాస్త్రి కాలంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే మట్టికోట బయటపడింది, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి, మరిన్ని నాణేలు వచ్చాయి. గోభద్ర, సమగోప, నారన, కంవాయసిరి అన్న పేర్లు అలా తెలిసినవే. చిముక, సిరి సాతవాహన, సాతకణి పేర్లూ వాటి పక్కన చేరాయి. దగ్గర్లోనే పెద్దపల్లి జిల్లాలో ఉన్న పెద్దబంకూరులోనైతే కుండల్లో దాచిన నాణేలు వేల కొద్దీ దొరికాయి.

శాతవాహన నాణేల్లో తరచుగా కనిపించే నమూనా ఒకటుంది. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఈ రెండో గుర్తంటే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, నాలుగు కొసలకు నాలుగు గుండ్రాలు. అంతే. మొదటివైపు ఏనుగు చుట్టూ బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో రాజు పేరు తిరుగుతుంది. ఇదంతా పట్టాల్సిన బిళ్ల వెడల్పు చాలాసార్లు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అక్షరాల వరుసకు చోటు తీసేస్తే మధ్యలో ఏనుగుకు మిగిలేది ఒక సెంటీమీటరు. భూమి మీద నడిచే జంతువుల్లో అన్నింటికంటే పెద్దదాన్ని ఆ సెంటీమీటరులో నిలబెట్టాలి. బియ్యపు గింజ మీద పద్యం రాసే గారడీ లాంటి పనిగా దీన్ని పొరబడవద్దు. గింజ మీది పద్యాన్ని భూతద్దంతో చూస్తేగానీ చదవలేం. ఈ ఏనుగు సంతలో బేరమాడే మనిషికి అరచేతిలో, ఒక్క చూపులో, ఏనుగుగా తెలియాలి.

బాగా నిలిచిన నాణెం ఒకటి దొరికితే ఇలా చూడండి. ముందుగా వీపు గీత. నుదుటి మీది కుంభస్థలం దగ్గర చిన్న ఉబ్బుగా మొదలై, మెడ దగ్గర ఒక్క నొక్కు పడి, వీపు మీద విల్లులా లేచి, వెనక పిరుదుల దగ్గర ఒక్కసారిగా జారుతుంది. ఆ జారిన చోటే తోక, ఒకే గీత. శరీరం మొత్తం ఒకే ముద్ద. పక్కటెముకలు లేవు, చర్మం ముడతలు లేవు. కాళ్లు నాలుగు కురచ స్తంభాలు. ఒకటి రెండింటిని కాస్త ఏటవాలుగా పెట్టడంతో జంతువు నడుస్తున్నట్టు అనిపిస్తుంది. చెవి చాలాసార్లు ఉండీ లేనట్టే. కన్ను ఉంటే ఒక చుక్క, లేకపోయినా లోటు తెలియదు. దంతం ఒక పొట్టి గీత. ఇక తొండం. పనివాడు తన తీరికనంతా దాచుకుని ఇక్కడే ఖర్చుపెట్టాడు. అది ముందుకు సాగి, వంపు తిరిగి, పైకి లేస్తుంది. మిగతా శరీరమంతా బరువై నేలకు దిగబడుతుంటే తొండం ఒక్కటే ఆ బరువును ఎదిరించి లేస్తుంది. బొమ్మలో ప్రాణమంతా ఈ రెండింటి మధ్య ఉన్న పెనుగులాటే. వీపు గీతను చెరిపేస్తే అది ఏ జంతువో తెలియదు. తొండాన్ని చెరిపేస్తే పందిలా ఉంటుంది. చెవి చెరిపేస్తే ఏమీ కాదు. ఏది పోతే ఏమీ కాదో కనిపెట్టడమే ఈ పనిలో సగం.

వివరంగా చెక్కడం చేతకాక ఇలా చేశారేమోనని అనుమానం రావచ్చు. దానికి సాంచి జవాబు చెబుతుంది. అక్కడి పెద్ద స్తూపం దక్షిణ తోరణం మీద, శ్రీ శాతకర్ణి రాజు దగ్గర పనివాళ్లకు పెద్దగా ఉన్న ఆనందుడు ఇచ్చిన దానమని శాసనం ఉంది. విదిశకు చెందిన దంతపు పనివాళ్లు చెక్కినట్టు చెప్పే శాసనమూ అదే తోరణం మీద ఉంది. ఆ స్తూపం తోరణాల మీది ఏనుగులకు గోళ్లున్నాయి, గంటలున్నాయి, చెవుల అంచుల్లో మడతలున్నాయి, మీద కూర్చున్న మనుషుల ముఖాలున్నాయి. కృష్ణా తీరాన అమరావతి పలకల మీది ఏనుగులైతే కదిలి మీదికి వస్తున్నట్టే ఉంటాయి. అంటే అదే కాలంలో, అదే రాజుల ఏలుబడిలో ఏనుగు ఒంటి మీది ప్రతి ముడతనూ రాతిలో దింపగలిగిన చేతులు ఉండేవి. టంకశాలలో కూర్చున్నవాడు వదిలేసిందంతా తెలిసి వదిలేసిందే.

అచ్చు చెక్కడంలోని చిక్కు తెలిస్తే ఈ వదిలేయడం ఎంత తెలివైన పనో అర్థమవుతుంది. నాణెం మీద ఉబ్బుగా కనిపించేదంతా అచ్చులో గుంట. ఏనుగు పొట్ట అన్నింటికంటే ఎత్తుగా రావాలంటే అచ్చులో దాన్ని అన్నింటికంటే లోతుగా తవ్వాలి. నాణెం మీద కుడికి నడవాలంటే అచ్చులో ఎడమకు నడవాలి. రాజు పేరు తిరగేసి చెక్కాలి. కాగితం మీద గీసే చిత్రకారుడికి గీత కనిపిస్తుంది. ఇతనికి కనిపించేది ఖాళీ. ఖాళీని తవ్వుతూ దాని తిరగబడ్డ నిండుతనాన్ని మనసులో చూసుకోవాలి. మధ్యమధ్య మెత్తటి మట్టి నొక్కి బొమ్మ ఎలా వస్తుందో చూసుకోవచ్చు, కానీ ఒకసారి ఎక్కువ తవ్వేస్తే మళ్లీ పూడ్చే దారి లేదు.

పనిముట్లు కూడా తమ మాట చెల్లించుకుంటాయి. మొన తిప్పితే గుండ్రటి గుంట పడుతుంది, ఉలి లాగితే గీత పడుతుంది. గుంట, గీత, వాటిని కలిపే ఒక పెద్ద తవ్వు. ఈ మూడింటితోనే శాతవాహన నాణేల మీది లోకమంతా కట్టారు. నాలుగు గుంటలు, రెండు గీతలు కలిస్తే ఉజ్జయిని గుర్తు. గళ్ల కంచె మధ్యలో ఒక కాండం, కొన్ని ఆకులు కలిస్తే చెట్టు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కమానులు మూడైతే కొండ. ఏనుగు కూడా ఆ బడిలో చదువుకున్నదే. ఒక పెద్ద తవ్వు ఒళ్లు, ఆరేడు గీతలు మిగతావి. అంతకుముందు దేశమంతటా నడిచిన ముద్రాంకిత వెండి నాణేల మీది చిన్న చిన్న గుర్తుల నుంచి ఈ పొదుపు అలవాటు వచ్చి ఉంటుంది. ఆ పాత ముద్రల్లో ఏనుగు ఒక చిహ్నంగా ఉండిపోయింది. ఇక్కడ దానికి ఒళ్లు వచ్చింది, బరువు వచ్చింది.

లోహం సంగతి కూడా చెప్పుకోవాలి. శాతవాహనులు రాగితోనూ, రాగి తగరం సీసం కలిసిన పోటిన్‌తోనూ నాణేలు వేశారు. సీసాన్ని వాళ్లు వాడినంతగా మన దేశంలో మరే పెద్ద రాజవంశమూ వాడలేదు. ఆ సీసంలో కొంతైనా సముద్రం దాటి వచ్చి ఉంటుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం ‘పెరిప్లస్’ భరుకచ్ఛం రేవులో దిగే సరుకుల్లో రాగి, తగరం, సీసం పేర్లు చెబుతుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1,085 కావాలి. సీసం మెత్తన కాబట్టి ముద్ర సులువుగా పడుతుంది, అంతే సులువుగా అరిగిపోతుంది. పది చేతులు మారేసరికి సన్నగీతలన్నీ మాయం. ముడతలూ గోళ్లూ చెక్కి ఉంటే అవి ఏడాది తిరగకముందే పోయేవి, మిగిలేది ఒక గజిబిజి. ఒకే ముద్దగా, లోతైన తవ్వుతో వచ్చిన ఏనుగు సగం అరిగినా ఏనుగే. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి, పైపొర పొట్టులా రాలిపోయాక కూడా ఈనాటికీ పోల్చుకోగలుగుతున్నామంటే ఆ లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి. అరుగుదలను ముందే ఊహించి చెక్కిన శిల్పం ఇది.

అన్నీ గొప్పవని చెప్పడం లేదు. టంకశాల అంటే కళాశాల కాదు, రోజుకు ఇన్ని బిళ్లలని లెక్క తెగాల్సిన చోటు. బిళ్ల ఒక పక్కకు జరిగి ముద్ర సగమే పడ్డవి బోలెడు. కొన్నింటి మీద తొండం అంచు అవతలికి పోయింది, కొన్నింటికి ముందుకాళ్లు లేవు. అచ్చు చెక్కినవాళ్లలోనూ చేతకానివాళ్లున్నారు. కాళ్లను మంచం కోళ్లలా దిగ్గొట్టి, తొండాన్ని ముక్కుకు కట్టిన తాడులా వేలాడదీసినవి చూస్తే నవ్వొస్తుంది. అయితే చెడ్డ ఏనుగులను చూసిన కంటికే మంచి ఏనుగు విలువ తెలుస్తుంది. రెండింటిలోనూ ఉన్నవి అవే ఏడెనిమిది గీతలు. వీపు వంపు ఎక్కడ మొదలవ్వాలి, తల ఒంటికి ఎంత దగ్గరగా ఉండాలి, కాలు ఎంత కురచగా ఉండాలి అన్న కొలతల్లో వెంట్రుకవాసి తేడాయే ఒకదాన్ని జంతువుగా, రెండోదాన్ని గుర్తుగా మార్చింది.

ఏనుగు ఒక్కటే కాదు. సింహం, ఎద్దు, గుర్రం కూడా శాతవాహన నాణేల మీద నడిచాయి. సింహానికి వీపు మీదికి మెలితిరిగిన తోక, తెరిచిన నోరు ఆనవాలు. గుర్రానికి మెడ వంపు. ఎద్దుకు మూపురం. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి వచ్చి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగే భక్తులను అడిగితే చెబుతారు, ఎద్దు అందం మూపురంలోనే ఉందని. నాణెం చెక్కినవాడు కూడా పశువుల మధ్య పెరిగినవాడే అయి ఉండాలి. ఏ జంతువు ఒంట్లో ఏ ఒక్క వంపు దాని పేరు చెబుతుందో అతనికి తెలుసు. నానేఘాట్‌లో శాతవాహన రాణి నాగానిక వేయించిన శాసనం యజ్ఞ దక్షిణలుగా ఇచ్చిన ఆవులను, గుర్రాలను, ఏనుగులను వరుసగా లెక్కపెడుతుంది. ఆ రోజుల్లో సంపద అంటే కాళ్లతో నడిచి వచ్చేదే.

ఇదే వంశం మనిషి ముఖాన్ని కూడా నాణెం మీద వేసింది. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశాతకర్ణి తలలున్న వెండి నాణేలు ప్రసిద్ధమే. పశ్చిమ క్షత్రపుల నాణేల ఒరవడిలో వచ్చినవి అవి. వెండి గట్టి లోహం, అచ్చు సన్నగా పడుతుంది, జుట్టు పాయలు కూడా కనిపిస్తాయి. చరిత్రకు వాటి విలువ ఎక్కువ, సందేహం లేదు. శిల్పంగా మాత్రం నా ఓటు సీసపు ఏనుగుకే. వెండి మీది ముఖం ఎవరో ఇచ్చిన నమూనాను శ్రద్ధగా అనుకరించింది. ఏనుగు ఈ నేల మీద కళ్లారా చూసి, కుదించి, తనదిగా చేసుకున్న రూపం.

ఆ కాలపు రుచే చిన్నదాని మీద ఉందేమోననిపిస్తుంది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద నిలిచిన గాథాసప్తశతిలో ఒక్కో గాథ రెండు పంక్తులే. అందులోనే ఒక ఊరు, ఒక ఆడమనిషి, ఒక మాట, చెప్పకుండా వదిలిన ఇంకో మాట. నాణెం చెక్కినవాడు గాథలు విన్నాడో లేదో కానీ, రెండు పనుల్లోనూ కత్తెర ఒకేచోట పడింది.

పొదుపు చేతులు ఈ ప్రాంతానికి ఇప్పటికీ కొత్త కాదు. సిరిసిల్ల మగ్గం మీద చీర అంచులో నెమలినో హంసనో వేయాలంటే మొదట గళ్ల కాగితం మీద దాన్ని గళ్లుగా మార్చాలి. మగ్గానికి వంపు తెలియదు. దానికి తెలిసింది పోగు లేవడం, పోగు దిగడం. జకార్డు అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేదు. కాబట్టి హంస మెడ మెట్లు మెట్లుగా వస్తుంది, కన్ను ఒక గడి. ఎన్ని గళ్లలో హంస హంసగా నిలుస్తుంది, ఇంకో గడి తీసేస్తే ఎప్పుడు బాతైపోతుంది అన్నది డిజైన్ వేసేవాడికి కంటి లెక్క. టంకశాలవాడికి లోహం పెట్టిన హద్దును ఇక్కడ పోగు పెడుతుంది.

గోదావరి దాటి ఉత్తరానికి వెళ్తే ఇంకో పద్ధతి ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడ ఊళ్లలో ఓజ పనివాళ్లు ఇత్తడి ఏనుగులు, గుర్రాలు, గోండుల దేవతామూర్తులు పోతపోస్తారు. మట్టి గుండె మీద తేనెమైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి కాల్చితే మైనం కరిగి పోతుంది. అది వదిలిన ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. బొమ్మ బయటికి రావాలంటే మట్టి మూస పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక మూసకు ఒకే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రాగా దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ రూపం తీగ మీద తీగ చేరుస్తూ పెరుగుతుంది. ఒంటినిండా తీగల చారలున్నా జంతువు ఆకారం మాత్రం నాణెం ఏనుగుకు చుట్టమే. పొడుగు ఒళ్లు, నిటారు కాళ్లు, ఒకటే చెప్పుకోదగ్గ వంపు.

జంతువును దాని కడపటి గీత దాకా తగ్గించడం ఇరవయ్యో శతాబ్దపు ఐరోపా కనిపెట్టిందని కళల పుస్తకాలు చదివినవాళ్లకు ఒక నమ్మకం. పికాసో 1945 డిసెంబరు, 1946 జనవరి మధ్య ఒకే ఎద్దును పదకొండు దశల్లో రాతి అచ్చు మీద తగ్గించుకుంటూ పోయి చివరికి కొన్ని గీతలకు దించాడు. రుమేనియాలో పుట్టిన బ్రాంకూసీ పక్షిని రెక్కలూ ముక్కూ కాళ్లూ లేని ఒక మెరిసే నిలువు రూపంగా మార్చాడు. 1926లో ఆ కంచు పక్షి అమెరికా చేరితే కస్టమ్స్ అధికారులు ఇది శిల్పం కాదని, వంటసామాను, ఆసుపత్రి సామాను కోవలో వేసి నలభై శాతం సుంకం అడిగారు. కేసు నడిచి 1928లో తీర్పు శిల్పికి అనుకూలంగా వచ్చింది. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ అతని పక్షులను కొని, వాటికోసం ఒక మందిరం కట్టాలని శిల్పిని భారతదేశానికి పిలిపించాడు కూడా. మందిరం లేవలేదు. నల్ల పాలరాతి, తెల్ల పాలరాతి పక్షులు ఇప్పుడు ఆస్ట్రేలియాలో, కాన్‌బెరా జాతీయ చిత్రశాలలో ఉన్నాయి.

బ్రాంకూసీ పక్కన కోటిలింగాల పనివాడిని నిలబెట్టి ఇద్దరూ ఒకటేనని చెప్పడం నాకు ఇష్టం లేదు. బ్రాంకూసీకి ఎగిరే గుణం ఒక్కటే కావాలి, పక్షి అక్కర్లేదు. అందుకే అధికారులకు పక్షి కనిపించలేదు. మన పనివాడికి ఆ స్వేచ్ఛ లేదు. కాపుకీ, కోమటికీ, పడవ నడిపేవాడికీ తెలియకపోతే అతని ఏనుగు చెల్లదు. అంత తగ్గించీ గుర్తు పోగొట్టకుండా ఆగడం, ఆ ఆగాల్సిన చోటు తెలియడం, రెండింటిలో కష్టమైన పని ఇదేనని నా నమ్మకం. పైగా పనివాడి పేరు లేదు. నాణెం మీద రాజు పేరు ఉంది.

ఇప్పుడు శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు కోటిలింగాల అంచుల దాకా వచ్చాయి. తవ్వాల్సిన నేల ఇంకా ఉండగానే నీరు వచ్చిందన్న బాధ పురావస్తు అభిమానులకు ఉంది. దొరికిన నాణేలు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికీ, ఇతర సంగ్రహాలకూ చేరాయి. అక్కడ అద్దాల వెనుక, సన్నటి అక్షరాల చీటీల పక్కన ఉన్న ఈ బిళ్లల ముందు జనం ఆగడం అరుదు. ఒక మంచి భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు ఉంటే చాలు. పైనుంచి నేరుగా పడే దీపం కింద ఉబ్బూ లోతూ ఒకటైపోయి బొమ్మ చచ్చిపోతుంది. అడ్డంగా పడే వెలుగులో అదే ఏనుగు వీపు లేస్తుంది. మ్యూజియాలవాళ్లు దీపాల దిశ మార్చి, ప్రతి నాణెం పక్కన దాని పెద్ద ఫొటో ఒకటి పెడితే ఖర్చు పెద్దగా ఉండదు, పిల్లలు మాత్రం ఆగి చూస్తారు.

గోదావరి, మానేరు గట్ల మీద పొలాలున్నవాళ్లకు ఒక మనవి. దున్నేటప్పుడో వానలు వెలిశాకో నల్లటి, పచ్చటి చిలుము పట్టిన బిళ్ల దొరికితే చింతపండు పెట్టి తోమకండి, ఇసుకతో రుద్దకండి. ఆ చిలుము పొరలోనే ముద్ర దాగి ఉంటుంది, పులుపు తగిలితే పొరతో పాటు ఏనుగూ పోతుంది. సీసపు బిళ్లను పిల్లల చేతికి ఇవ్వొద్దు, అది విషం. ఏ చోట, ఎంత లోతులో దొరికిందో రాసి పెట్టుకుని తహసీల్దారుకో కలెక్టరుకో తెలియజేయండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద అలా చెప్పడం మన బాధ్యత కూడా. అమ్మేస్తే వచ్చేది కొద్ది డబ్బే. ఎక్కడ దొరికిందో తెలియని నాణెంతో చరిత్రకు సగం ఉపయోగమే.